ప్రొటీన్ బొమ్మ నుంచి రోగనిరోధక సంకేతం దాకా: టీఎల్‌ఆర్4 నిర్మాణాన్ని చదవడం ఎలా?

రక్తంలోకి ఈ.కోలై లాంటి బ్యాక్టీరియా చేరితే మన తెల్లరక్తకణాలు దాన్ని దాని పైపొరలో ఉండే ఒక అణువును బట్టి పసిగడతాయి. ఆ అణువు పేరు లైపోపాలీశాకరైడ్, పొట్టిగా ఎల్‌పీఎస్. ఫార్మా కంపెనీల్లో పనిచేసేవాళ్లకు ఇదే ఎండోటాక్సిన్‌గా బాగా పరిచయం. మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో ఉన్నా చాలు, మోనోసైట్లనే తెల్లరక్తకణాలు మేలుకుని టీఎన్‌ఎఫ్, ఐఎల్-6 లాంటి సైటోకైన్లను (కణాలు ఒకదానికొకటి పంపుకునే సంకేత ప్రొటీన్లను) వదులుతాయి. ఒళ్లు వేడెక్కుతుంది. అదుపు తప్పితే బీపీ పడిపోయి మనిషి సెప్టిక్ షాక్‌లోకి వెళ్తాడు. ఇదంతా కణపొర మీద ఉండే టీఎల్‌ఆర్4 (టోల్-లైక్ రిసెప్టర్ 4) అనే రిసెప్టర్, అంటే బయటి సంకేతాన్ని అందుకునే ప్రొటీన్, దగ్గర మొదలవుతుంది.

ఆ రిసెప్టర్ నిర్మాణాన్ని సొంతంగా చదవడం ఎలాగో ఈ వ్యాసంలో అడుగడుగునా చెబుతాను. ఎమ్మెస్సీ లైఫ్ సైన్సెస్, బీటెక్ బయోటెక్నాలజీ, ఫార్మ్-డీ చదివేవాళ్లను, కొత్తగా పీహెచ్‌డీలో చేరినవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. మీ కాలేజీలో ఎక్స్-రే యంత్రం లేకపోయినా ఇబ్బంది లేదు. మామూలు ల్యాప్‌టాప్, ఇంటర్నెట్ ఉంటే మొదటి ఏడు అడుగులూ వేయొచ్చు. చివరిదానికి మాత్రం సెల్ కల్చర్ ల్యాబ్ కావాలి.

తెర మీద రంగుల రిబ్బన్లు తిప్పి చూసి మురిసిపోతే పని అయిపోదు. ఫలానా అమైనో ఆమ్లాన్ని మారిస్తే సంకేతం ఆగుతుందా, తగ్గుతుందా, అలాగే ఉంటుందా అని మీరు ముందే అంచనా కట్టగలగాలి. ఆ అంచనా తప్పో ఒప్పో తేల్చే ప్రయోగం కూడా మీరే గీయగలగాలి. నిర్మాణం మనకు ఒక బలమైన ఊహను ఇస్తుంది. సంకేతం నిజంగా వెళ్లిందో లేదో చెప్పాల్సింది కణమే.

మొదటి అడుగు: ప్రశ్నను చిన్నది చేసుకోండి

"టీఎల్‌ఆర్4 ఎలా పనిచేస్తుంది?" అన్న ప్రశ్నతో కూర్చుంటే రోజంతా బొమ్మలు చూసి లేస్తారు. మనం ఇలా అడుగుదాం: ఎల్‌పీఎస్, ఎరిటొరాన్ అనే మందు, రెండూ ఒకే చోట అతుక్కుంటాయి. మొదటిది సంకేతాన్ని లేపుతుంది, రెండోది ఆపుతుంది. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

కొంచెం నేపథ్యం తెలిస్తే ఈ ప్రశ్న బరువు అర్థమవుతుంది. టోల్ అనే జన్యువు లేని ఈగలు ఫంగస్ సోకి చచ్చిపోతాయని 1996లో జూల్స్ హాఫ్‌మన్ బృందం చూపించింది. ఎల్‌పీఎస్ ఇచ్చినా ఏమీ కాని సీ3హెచ్/హెచ్ఈజే అనే ఎలుకల జాతిలో పాడైంది టీఎల్‌ఆర్4 జన్యువేనని 1998లో బ్రూస్ బ్యూట్లర్ బృందం కనుక్కుంది. ఆ ఎలుకల్లో 712వ స్థానంలో ప్రోలిన్‌కు బదులు హిస్టిడిన్ ఉంటుంది. ఒక్క అమైనో ఆమ్లం, అదీ కణం లోపలి భాగంలో! బయట ఎల్‌పీఎస్‌ను పట్టుకునే భాగం చెక్కుచెదరలేదు, అయినా సంకేతం లేదు. 2011లో వీళ్లిద్దరూ రాల్ఫ్ స్టైన్‌మన్‌తో కలిసి నోబెల్ పంచుకున్నారు. పట్టుకోవడం వేరు, సంకేతం పంపడం వేరు అన్న సంగతి ఈ ఎలుకతోనే బుర్రకెక్కించుకోండి. ముందుకు పోయేకొద్దీ చాలాసార్లు అక్కరకొస్తుంది.

రెండో అడుగు: ప్రొటీన్ పటం కాగితం మీద గీయండి

నేరుగా 3డీ బొమ్మలోకి దూకొద్దు. ముందు ప్రొటీన్ల వివరాలుండే యూనిప్రాట్ సైట్‌కు వెళ్లి మనిషి టీఎల్‌ఆర్4ను తెరవండి. దాని నంబరు ఓ00206. మొత్తం 839 అమైనో ఆమ్లాలు. ఒక తెల్లకాగితం మీద అడ్డంగా గీత గీసి భాగాలు గుర్తు పెట్టండి: మొదటి 23 సిగ్నల్ పెప్టైడ్, ఇది తర్వాత తెగిపోతుంది. 24 నుంచి 631 దాకా కణం బయటి భాగం. ఆ తర్వాత సుమారు 20 అమైనో ఆమ్లాల ముక్క కణపొరను దాటుతుంది. మిగిలింది కణం లోపల ఉంటుంది, అందులోనే సంకేతాన్ని ముందుకు పంపే టీఐఆర్ డొమైన్ ఉంది.

ఇప్పుడు ఎండీ-2 పేజీ తెరవండి. నంబరు క్యూ9వై6వై9, జన్యువు పేరు ఎల్‌వై96. ఇది 160 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీన్. టీఎల్‌ఆర్4 బయటి భాగానికి అంటిపెట్టుకుని ఉంటుంది. ఎల్‌పీఎస్‌ను ప్రధానంగా పట్టుకునేది ఇదే. పాఠ్యపుస్తకాల బొమ్మల్లో చాలాసార్లు దీన్ని వదిలేస్తారు, విద్యార్థులు కూడా మరిచిపోతారు. ఎండీ-2ను మరిచిపోతే ఈ కథలో సగం పోయినట్టే.

ఈ కాగితాన్ని పక్కనే ఉంచుకోండి. రేపు ఏ పేపరులోనైనా "ఫలానా స్థానంలో మ్యుటేషన్" అని కనిపిస్తే అది బయటిదా, పొరలోదా, లోపలిదా అన్నది మొదట ఇక్కడ చూసుకోవాలి.

మూడో అడుగు: సరైన నిర్మాణాన్ని ఎంచుకోండి, దాని జాతకం చదవండి

ప్రయోగాల ద్వారా తేలిన నిర్మాణాలన్నీ ప్రొటీన్ డేటా బ్యాంకులో, అంటే పీడీబీలో, ఉచితంగా దొరుకుతాయి. టీఎల్‌ఆర్4 అని వెతికితే చాలా వస్తాయి. మన ప్రశ్నకు రెండు చాలు.

ఒకటి 3ఎఫ్ఎక్స్ఐ. మనిషి టీఎల్‌ఆర్4, ఎండీ-2, ఈ.కోలై ఎల్‌పీఎస్ కలిసి ఉన్న స్ఫటికం. 2009లో వచ్చింది, రిజల్యూషన్ 3.1 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు; ఈ అంకె ఎంత చిన్నదైతే బొమ్మ అంత స్పష్టం). రెండోది 2జెడ్65. ఇందులో ఎల్‌పీఎస్ స్థానంలో ఎరిటొరాన్ ఉంటుంది. 2007లో వచ్చింది, 2.7 ఆంగ్‌స్ట్రామ్‌లు. రెండూ దక్షిణ కొరియాలో జీ-ఓ లీ బృందం చేసినవే.

ఎంట్రీ పేజీలో నాలుగు విషయాలు చూడకుండా బొమ్మ తెరవకండి.

మొదటిది, స్ఫటికంలో నిజంగా ఏముంది. 3ఎఫ్ఎక్స్ఐలో టీఎల్‌ఆర్4 బయటి భాగమే ఉంది. కణపొర లేదు, టీఐఆర్ లేదు. 2జెడ్65లో విషయం ఇంకా వేరు: టీఎల్‌ఆర్4 ముక్కను హ్యాగ్‌ఫిష్ అనే దవడల్లేని చేప ప్రొటీన్ ముక్కతో అతికించారు. టీఎల్‌ఆర్4 తనంతట తాను స్ఫటికంగా కుదురుకోక మొండికేస్తే, అదే రకం మడతలున్న చేప ప్రొటీన్‌ను తోకకు తగిలించి పని సాధించారు. తెలివైన పని. అయితే ఆ చేప భాగాన్ని చూసి మనిషి రిసెప్టర్ గురించి మాట్లాడేస్తే నవ్వులపాలవుతాం.

రెండోది, రిజల్యూషన్. 3.1 దగ్గర ప్రధాన గొలుసు దారి, పెద్ద పక్కగొలుసులు నమ్మకంగా కనిపిస్తాయి. నీటి అణువుల గురించి, హైడ్రోజన్ బంధం పొడవులో చిన్న చిన్న తేడాల గురించి గట్టిగా మాట్లాడే హక్కు మనకు లేదు.

మూడోది, వ్యాలిడేషన్ రిపోర్టు. పేజీలోనే ఎరుపు నుంచి నీలం దాకా ఉండే పట్టీలు కనిపిస్తాయి. నీలం వైపు ఉంటే మంచిది. అందులో ఒక పట్టీ పేరులో రామచంద్రన్ ఉంటుంది. మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్ 1963లో ప్రచురించిన లెక్క అది. ప్రొటీన్ వెన్నెముక ఏయే కోణాల్లో వంగగలదో, ఎక్కడ పరమాణువులు ఒకదానికొకటి గుద్దుకుంటాయో అందులో తేల్చారు. ఈ రోజుకీ ప్రపంచంలో ఏ మూల తయారైన ప్రొటీన్ నిర్మాణమైనా ఈ పరీక్ష దాటాల్సిందే. మన పక్క రాష్ట్రంలో పుట్టిన కొలబద్ద అని తలుచుకుంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

నాలుగోది, చిన్న అణువుల జాబితా. అందులో ఎన్‌ఏజీ అని కనిపిస్తుంది. అది రిసెప్టర్‌కు సహజంగా అతుక్కుని ఉండే చక్కెర, లిగాండ్ (బయటి నుంచి వచ్చి రిసెప్టర్‌కు అతుక్కునే అణువు) కాదు. 3ఎఫ్ఎక్స్ఐలో ఎల్‌పీఎస్ కూడా ఒకే పేరుతో ఉండదు. చక్కెరలు, కొవ్వు ఆమ్లాలు, ఫాస్ఫేట్లు విడివిడి ముక్కలుగా జాబితాలో ఉంటాయి. "ఎల్‌పీఎస్ ఎక్కడుందో దొరకడం లేదు" అని టెన్షన్ పడేవాళ్లు చాలామంది. ముక్కలన్నీ కలిపి సెలెక్ట్ చేసుకోవాలి, అంతే.

నాలుగో అడుగు: కైమెరాఎక్స్‌లో తెరవండి

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్ ఫ్రాన్సిస్కో వాళ్లు తయారుచేసిన, 3డీ నిర్మాణాలు చూపించే కైమెరాఎక్స్ ప్రోగ్రాం చదువుకునేవాళ్లకు ఉచితం. పైమాల్ అనే ఇలాంటి ప్రోగ్రాం అలవాటున్నవాళ్లు అదే వాడుకోవచ్చు, కమాండ్లు మాత్రం వేరుగా ఉంటాయి. ఇన్‌స్టాల్ అయ్యాక కింద ఉండే కమాండ్ గడిలో ఇంగ్లిష్ అక్షరాల్లో "ఓపెన్ 3ఎఫ్ఎక్స్ఐ" అని కొట్టండి. తర్వాత "కలర్ బైచైన్" కొడితే నాలుగు గొలుసులకు నాలుగు రంగులు వస్తాయి. గుర్రపునాడా ఆకారంలో ఉన్న రెండు పెద్దవి టీఎల్‌ఆర్4, వాటి పక్కన చిన్నగా ఉన్న రెండు ఎండీ-2. పక్క నుంచి చూస్తే మొత్తం ఇంగ్లిష్ ఎం అక్షరంలా ఉంటుంది.

ఇక్కడే ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ జంట కణం మీద కూడా ఇలాగే ఉంటుందా, లేక స్ఫటికంలో ఇరుకున పడి పక్కపక్కన చేరిందా? స్ఫటికంలో అణువులు ఎలాగూ ఒకదానికొకటి తగులుతూనే ఉంటాయి. 3ఎఫ్ఎక్స్ఐ విషయంలో మనకు మూడు ఆధారాలున్నాయి. రెండు రిసెప్టర్ల తోకలూ కణపొర వైపు, ఒకే దిశలో ఉన్నాయి. రెండింటి మధ్య అతుకులో లిగాండ్ స్వయంగా పాల్గొంటోంది. ఆ అతుకులోని అమైనో ఆమ్లాలను మారిస్తే కణాల్లో సంకేతం తగ్గింది. మీరు వేరే ప్రొటీన్ తీసుకున్నా ఈ మూడు ప్రశ్నలూ అడగండి.

ఐదో అడుగు: గుంతలోకి వెళ్లండి

ఒక ఎండీ-2ను మాత్రమే ఉంచి మిగతావి దాచేయండి. దానికి సర్ఫేస్ తగిలించి "ఎంఎల్‌పీ" అని కొట్టండి. నీళ్లంటే గిట్టని భాగాలు పసుపుపచ్చగా, నీళ్లను ఇష్టపడేవి నీలిపచ్చగా మారతాయి. రెండు బీటా పలకల మధ్య లోతైన గుంత, లోపలంతా పసుపే. కొవ్వు గొలుసులు దాక్కోవడానికి ఇంతకంటే మంచి చోటు ఉండదు.

ఇప్పుడు ఎల్‌పీఎస్‌ను చూపించండి. ఈ.కోలై ఎల్‌పీఎస్‌లో లిపిడ్ ఏ అనే భాగానికి ఆరు కొవ్వు గొలుసులు ఉంటాయి. ఒక్కొక్కటే లెక్కపెట్టండి, తొందరపడొద్దు. ఎండీ-2 జోలె లాంటిది. ఐదు గొలుసులు జోలెలో పూర్తిగా దిగిపోయాయి, ఆరోదానికి చోటు చాలక అంచు మీద పడుకుని బయటికి కనిపిస్తోంది. బయటికి కనిపించే ఆ ఒక్క గొలుసే మన ప్రశ్నకు సగం జవాబు.

మిగతా సగం ఫాస్ఫేట్లలో ఉంది. లిపిడ్ ఏ రెండు చివర్లా రుణావేశం ఉన్న ఫాస్ఫేట్లుంటాయి. సర్ఫేస్‌కు "కూలంబిక్" అని కొడితే ధనావేశం నీలంగా, రుణావేశం ఎర్రగా వస్తుంది. టీఎల్‌ఆర్4ను మళ్లీ చూపించి ఫాస్ఫేట్ చుట్టూ 5 ఆంగ్‌స్ట్రామ్‌ల పరిధిలో ఏమున్నాయో సెలెక్ట్ చేయండి. ఆర్జినిన్ 264, లైసిన్ 341, లైసిన్ 362 కనిపిస్తాయి. మూడూ ధనావేశం ఉన్నవే.

వీటిని నోట్‌బుక్‌లో నాలుగు నిలువు వరుసలుగా రాసుకోండి: ఏ అమైనో ఆమ్లం, ఏ ప్రొటీన్ గొలుసులోది, లిగాండ్‌లో ఏ భాగానికి తగులుతోంది, అది ఎలాంటి బంధం. ఏ గొలుసులోదో రాయడం అస్సలు మానకండి. ఎందుకో తర్వాతి అడుగులో తెలుస్తుంది.

ఆరో అడుగు: జంట అతుకు దగ్గర ఆగండి

నా దృష్టిలో మొత్తం పనికి గుండెకాయ ఇదే. ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి.

బయటికి కనిపించే ఆరో కొవ్వు గొలుసు చుట్టూ మళ్లీ 5 ఆంగ్‌స్ట్రామ్‌ల పరిధి సెలెక్ట్ చేయండి. ఫినైల్‌అలనిన్ 440, ల్యూసిన్ 444, ఫినైల్‌అలనిన్ 463 వస్తాయి. ఇప్పుడు వాటి గొలుసు చూడండి. ఈ ఎండీ-2ను మోస్తున్న టీఎల్‌ఆర్4కు చెందినవి కావవి, ఎదురుగా ఉన్న రెండో టీఎల్‌ఆర్4కు చెందినవి! అంటే ఎల్‌పీఎస్ తనను పట్టుకున్న రిసెప్టర్‌తో ఆగకుండా అవతలి రిసెప్టర్‌కు కూడా అతుక్కుంటోంది. అవతలి ఎల్‌పీఎస్ ఇటువైపు అదే పని చేస్తోంది. ఎండీ-2లో ఫినైల్‌అలనిన్ 126 ఉన్న లూప్ కూడా కొద్దిగా కదిలి ఈ అతుకును గట్టిపరుస్తోంది.

ఇప్పుడు 2జెడ్65ను కూడా తెరిచి, గొలుసుల జాబితాలో ఎండీ-2 ఏదో చూసుకుని, ఎండీ-2 మీద ఎండీ-2 వచ్చేలా "మ్యాచ్‌మేకర్" కమాండ్‌తో కలపండి. మొత్తం నిర్మాణాలను కలిపితే చేప ముక్క వల్ల లెక్క పక్కకు పోతుంది. ఎరిటొరాన్‌కు నాలుగే కొవ్వు గొలుసులు. నాలుగూ హాయిగా గుంతలో సర్దుకున్నాయి, బయటికి ఏదీ కనిపించడం లేదు. రెండు అణువుల చక్కెర వెన్నెముకలను పోల్చి దూరం కొలవండి. ఎల్‌పీఎస్‌లో అది దాదాపు 5 ఆంగ్‌స్ట్రామ్‌లు పైకి జరిగి ఉంటుంది. ఎక్కువ గొలుసులు గుంతలో కూరుకోవడంతో వెన్నెముక పైకి తోసుకొచ్చింది, ఫాస్ఫేట్లు ధనావేశపు గుంపులకు అందాయి, ఒక గొలుసు బయట మిగిలింది. ఎరిటొరాన్‌కు ఇవేవీ లేవు. గుంతను ఆక్రమిస్తుంది కానీ రెండో రిసెప్టర్‌ను పిలవలేదు.

మన ప్రశ్నకు ఇదీ జవాబు. ఇంత అందంగా కుదిరిన వివరణ చూశాక మందు కూడా పనిచేసి తీరుతుందని ఎవరికైనా అనిపిస్తుంది. ఎరిటొరాన్‌ను తీవ్రమైన సెప్సిస్ ఉన్న 1961 మంది రోగుల మీద పెద్ద క్లినికల్ ట్రయల్‌లో పరీక్షించారు. ఫలితాలు 2013లో వచ్చాయి. 28 రోజుల్లో మరణాలు మందు తీసుకున్నవాళ్లలో 28.1 శాతం, తీసుకోనివాళ్లలో 26.9 శాతం. ప్రయోజనం లేదు. మందు రిసెప్టర్‌కు అతుక్కోవడంలో లోపం ఉందని దీని అర్థం కాదు. రోగి ఐసీయూకు చేరేసరికి సైటోకైన్ల వరద ఎప్పుడో మొదలై ఉంటుంది, పైగా సెప్సిస్‌కు టీఎల్‌ఆర్4 ఒక్కటే దారి కాదు. నిర్మాణం చూసి మందు గురించి రాసే ప్రతి విద్యార్థీ ఈ రెండు అంకెలూ గుర్తుంచుకోవాలని నా కోరిక.

ఇదే అడుగులో ఇంకో పోలిక చేయండి. లిపిడ్ 4ఏ అనే అణువుకూ నాలుగే గొలుసులు. మనిషిలో అది సంకేతాన్ని ఆపుతుంది, ఎలుకలో మాత్రం లేపుతుంది! మనిషి, ఎలుక ఎండీ-2 వరుసలను, వరుసలు పోల్చే క్లస్టల్ ఒమేగా ప్రోగ్రాంలో పక్కపక్కన పెడితే 122వ స్థానంలో మనిషికి లైసిన్, ఎలుకకు గ్లుటమేట్ కనిపిస్తాయి. టీఎల్‌ఆర్4 అతుకులో కూడా ఇలాంటి ఆవేశం తేడాలున్నాయి. ఎలుక నిర్మాణం 3వీక్యూ1 తెరిచి చూస్తే నాలుగు గొలుసులతోనే జంట కట్టిన రిసెప్టర్ కనిపిస్తుంది. ఎలుకలో వచ్చిన ఫలితాన్ని మనిషికి అంటగట్టే ముందు ఈ ఉదాహరణ తలుచుకోండి.

ఏడో అడుగు: కణం లోపలికి దారి గీయండి, ఖాళీలు ఖాళీలుగానే వదలండి

బయట జంట కట్టగానే లోపల రెండు టీఐఆర్ డొమైన్లు దగ్గరవుతాయి. వాటికి టిరాప్ అనే ప్రొటీన్, దాని ద్వారా మైడీ88 అనే ఇంకో ప్రొటీన్ అతుక్కుంటాయి. మైడీ88 దగ్గర జరిగేది చూడాలంటే 3ఎంఓపీ తెరవండి. హావో వూ బృందం 2010లో ఇచ్చిన నిర్మాణం ఇది. ఆరు మైడీ88లు, వాటి మీద నాలుగు ఐరాక్4లు, వాటి మీద నాలుగు ఐరాక్2లు మెట్లెక్కినట్టు సుడి తిరిగి నిలబడి ఉంటాయి. దీన్నే మిడ్డోసోమ్ అంటారు. ఐరాక్‌ల లాంటి కైనేజ్‌లు (ఫాస్ఫేట్ తగిలించే ఎంజైములు) ఇలా ఒకచోట గుమిగూడినప్పుడు ఒకదాన్నొకటి ఫాస్ఫరైలేట్ చేసుకోవడం తేలికవుతుంది. అక్కడి నుంచి ట్రాఫ్6, టాక్1, ఐకేకే అనే ప్రొటీన్లు దాటి, జన్యువులను తెరిచే ఎన్‌ఎఫ్-కప్పా-బీ కేంద్రకంలోకి వెళ్తుంది, సైటోకైన్ జన్యువులు తెరుచుకుంటాయి.

రెండో దారి కూడా ఉంది. రిసెప్టర్ ఎండోసోమ్‌లోకి వెళ్లాక ట్రామ్, ట్రిఫ్‌ల ద్వారా టీబీకే1కు, ఐఆర్‌ఎఫ్3కి సంకేతం చేరి టైప్-1 ఇంటర్‌ఫెరాన్లు తయారవుతాయి. ఈ రెండు దారులనూ కాగితం మీద వేర్వేరు రంగుల్లో గీయండి. ప్రతి మెట్టు పక్కన ప్రయోగ నిర్మాణం ఉంటే పీడీబీ నంబరు రాయండి, లేకపోతే చుక్కల గీత పెట్టండి. 3ఎఫ్ఎక్స్ఐ ఆగిపోయే 631 నుంచి టీఐఆర్ దాకా మీ పటంలో చుక్కలే ఉండాలి.

ఆ ఖాళీని, అమైనో ఆమ్లాల వరుసను బట్టి నిర్మాణాన్ని ఊహించే ఆల్ఫాఫోల్డ్ ప్రోగ్రాంతో పూడ్చేయొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. ఆల్ఫాఫోల్డ్ డేటాబేస్‌లో టీఎల్‌ఆర్4 పూర్తి పొడవు మోడల్ ఉంది, తప్పక చూడండి. దాంతో పాటు రెండు కొలతలు చూడాలి. పీఎల్‌డీడీటీ అన్నది ఆ చోట మడత మీద నమ్మకం: 90 దాటితే చాలా బాగుంది, 50 లోపు ఉంటే ఆ భాగం బొమ్మను పట్టించుకోకండి. పీఏఈ అన్నది ఒక డొమైన్‌కూ ఇంకో డొమైన్‌కూ మధ్య అమరిక మీద అనుమానం. బయటి భాగం, టీఐఆర్ విడివిడిగా చక్కగా వచ్చినా, ఒకదానికొకటి ఏ కోణంలో ఉన్నాయన్నది ఆ బొమ్మను బట్టి చెప్పలేం. ఆ మోడల్‌లో ఎండీ-2 లేదు, ఎల్‌పీఎస్ లేదు, కణపొరా లేదు.

డాకింగ్, అంటే ఒక అణువు ప్రొటీన్‌కు ఎలా అతుక్కుంటుందో కంప్యూటర్‌లో లెక్కకట్టడం, గురించి కూడా ఒక మాట. ప్రాజెక్టు రిపోర్టుల్లో టీఎల్‌ఆర్4 మీద ఏదో ఒక మూలిక అణువును డాక్ చేసి, వచ్చిన స్కోరు చూపించి "వాపును తగ్గిస్తుంది" అని ముగించేస్తుంటారు. అది కూడా ఎండీ-2 లేకుండా! దయచేసి అలా చేయకండి. ఎండీ-2 గుంతలో నూనె స్వభావం ఉన్న ఏ అణువుకైనా మంచి స్కోరే వస్తుంది. లిపిడ్ ఏ లాంటి పొడవాటి గొలుసులున్న అణువుల్లో తిరిగే బంధాలు మరీ ఎక్కువ, మామూలు డాకింగ్ ప్రోగ్రాములు వాటిని సరిగా లెక్కించలేవు. మీ పద్ధతి మీద నమ్మకం రావాలంటే ముందు 2జెడ్65లోంచి ఎరిటొరాన్‌ను తీసేసి, మళ్లీ డాక్ చేసి, అసలు చోటికే వస్తోందో లేదో చూడండి. రాకపోతే అక్కడే ఆగాలి.

ఎనిమిదో అడుగు: కణాన్ని అడగండి

హెచ్ఈకే-293 కణాల్లో టీఎల్‌ఆర్4 సహజంగా ఉండదు. అందుకే అవి ఈ పనికి అనువు. వాటిలోకి టీఎల్‌ఆర్4, ఎండీ-2, సీడీ14 (ఎల్‌పీఎస్‌ను ఎండీ-2కు అందించే ప్రొటీన్) జన్యువులతో పాటు ఎన్‌ఎఫ్-కప్పా-బీ పనిచేస్తే వెలుగో రంగో ఇచ్చే రిపోర్టర్ జన్యువునూ పంపుతారు. మామూలు టీఎల్‌ఆర్4 ఒక గిన్నెలో, ఫినైల్‌అలనిన్ 440ని అలనిన్‌గా మార్చింది ఇంకో గిన్నెలో. ఎల్‌పీఎస్‌ను పికోగ్రాముల నుంచి నానోగ్రాముల దాకా మెట్లు మెట్లుగా ఇచ్చి గ్రాఫ్ గీయాలి. ఒకే మోతాదు చూసి తీర్పు చెప్పకూడదు.

మ్యుటేషన్ చేసినదాంట్లో సంకేతం రాకపోతే వెంటనే సంబరపడొద్దు. అసలు ఆ ప్రొటీన్ కణపొర దాకా వచ్చిందా? కణాల మీద ఏ ప్రొటీన్ ఎంత ఉందో కొలిచే ఫ్లో సైటోమెట్రీలో చూడండి. మడత చెడిపోయి లోపలే ఉండిపోయిన రిసెప్టర్ కూడా సంకేతం ఇవ్వదు. దాన్ని అతుకు మీదకు నెట్టేస్తే ఫలితం అబద్ధమవుతుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త. మనం ల్యాబ్‌లో ప్రొటీన్లు ఎక్కువగా తయారుచేసేది ఈ.కోలైలో. అంటే ప్రతి ప్రొటీన్ సీసాలోనూ ఎల్‌పీఎస్ ఎంతో కొంత ఉంటుందనే లెక్క. ఆ ప్రొటీన్‌ను మాక్రోఫేజ్‌ల మీద పోస్తే టీఎన్‌ఎఫ్ వస్తుంది. వెంటనే "మా ప్రొటీన్ టీఎల్‌ఆర్4ను ప్రేరేపిస్తోంది" అని పేపరు రాసేస్తారు. హెచ్‌ఎస్‌పీ60, హెచ్‌ఎస్‌పీ70 అనే ప్రొటీన్ల మీద ఇలా ఎన్నో ప్రకటనలు వచ్చాయి. శుద్ధి జాగ్రత్తగా చేసి మళ్లీ చూస్తే వాటిలో చాలావరకు ఎల్‌పీఎస్ చలవేనని తేలింది.

దీన్ని పట్టుకోవడానికి దారులున్నాయి. ప్రొటీన్‌ను మరిగించండి. ప్రొటీన్ పని పోతుంది, ఎల్‌పీఎస్‌కు ఏమీ కాదు. మరిగించాక కూడా సంకేతం అలాగే ఉంటే అది ప్రొటీన్ పని కాదు. పాలీమిక్సిన్-బీ వేయండి, అది ఎల్‌పీఎస్‌ను కట్టేస్తుంది. ఎండోటాక్సిన్ ఎంతుందో కొలిచే ఎల్ఏఎల్ పరీక్ష చేయించండి. ఒక ఎండోటాక్సిన్ యూనిట్ అంటే దాదాపు 0.1 నానోగ్రాము ఈ.కోలై ఎల్‌పీఎస్. ఫంగస్ నుంచి వచ్చే బీటా-గ్లూకాన్లు కూడా ఎల్ఏఎల్‌ను మోసం చేయగలవు కాబట్టి, అనుమానం ఉంటే రికాంబినెంట్ ఫ్యాక్టర్-సీ పరీక్ష వాడండి. గాజు సామాను ఆటోక్లేవ్ చేస్తే బ్యాక్టీరియా చస్తుంది, ఎల్‌పీఎస్ పోదు. అది పోవాలంటే 250 డిగ్రీల పొడివేడిలో అరగంట ఉంచాలి. కొన్న ఎల్‌పీఎస్ కూడా అల్ట్రాప్యూర్ రకం కావాలి. మామూలు దాంట్లో ఉండే లైపోప్రొటీన్లు టీఎల్‌ఆర్2ను లేపి ఫలితాన్ని కలగాపులగం చేస్తాయి.

క్లియర్‌కోలై అనే మార్చిన ఈ.కోలై రకం దొరుకుతుంది. దాని పైపొరలో పూర్తి ఎల్‌పీఎస్ బదులు లిపిడ్ 4ఏ ఉంటుంది. మనిషి కణాలకు ఇబ్బంది లేదు. ఎలుక కణాల మీద వాడబోతున్నారా? ఆరో అడుగులో చూసిన పోలికను ఒకసారి గుర్తు తెచ్చుకోండి, ఎందుకు అడుగుతున్నానో తెలుస్తుంది.

ఇదే పద్ధతి వేరే రిసెప్టర్ మీద

ఎరిటొరాన్ మందుగా నిలబడకపోయినా, లిపిడ్ ఏను కొద్దిగా మలిచి వాడటం టీకాల్లో బాగా ఫలించింది. ఒక ఫాస్ఫేట్ తీసేసిన ఎంపీఎల్ అనే రూపం టీఎల్‌ఆర్4ను మెల్లగా తడుతుంది. షింగ్రిక్స్ టీకాలోనూ, ఆర్‌టీఎస్,ఎస్ మలేరియా టీకాలోనూ ఉండే ఏఎస్01 అడ్జువెంట్‌లో (టీకాకు రోగనిరోధక స్పందనను పెంచే పదార్థంలో) ఇది ఒక భాగం. ఆ మలేరియా టీకా ప్రొటీన్ తయారీని హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్‌కు అప్పగించే ఒప్పందం 2021లో కుదిరింది.

అదే కంపెనీ కోవాగ్జిన్‌లో వాడిన అడ్జువెంట్‌లో ఆలం అనే అల్యూమినియం లవణంతో పాటు టీఎల్‌ఆర్7, 8లను తట్టే ఇమిడజోక్వినోలిన్ రకం అణువు ఉంది. మనలో చాలామంది భుజానికి తీసుకున్న సూదిలో ఉన్నదే. కాబట్టి రెండో అభ్యాసంగా టీఎల్‌ఆర్8 తీసుకోండి. లిగాండ్ లేని 3డబ్ల్యూ3జీని, ఆర్848 అనే మందు ఉన్న 3డబ్ల్యూ3ఎన్‌ను పక్కపక్కన తెరవండి. ఇక్కడ రిసెప్టర్ లిగాండ్ రాకముందే జంటగా ఉంది! లిగాండ్ వచ్చాక రెండు తోకల మధ్య దూరం 53 నుంచి 30 ఆంగ్‌స్ట్రామ్‌లకు తగ్గింది. టీఎల్‌ఆర్4లో లిగాండ్ జంటను కడుతుంది, టీఎల్‌ఆర్8లో ఉన్న జంటను సర్దుతుంది. ఒక రిసెప్టర్‌లో నేర్చుకున్నదాన్ని పక్కదానికి గుడ్డిగా అంటించకూడదని చెప్పడానికి ఇంతకంటే మంచి జత నాకు తెలియదు.

మూడో అభ్యాసం మీ సొంతంగా చేయండి. గిల్టు నగలు పెట్టుకుంటే కొందరికి చెవులు, మెడ దురదపెట్టి ఎర్రబడతాయి. అందులోని నికెల్ మనిషి టీఎల్‌ఆర్4ను నేరుగా లేపగలదని 2010లో తేలింది. దానికి కావాల్సినవి హిస్టిడిన్ 456, హిస్టిడిన్ 458. ఎలుకలో ఈ రెండూ లేవు. 3ఎఫ్ఎక్స్ఐ తెరిచి ఆ రెండు హిస్టిడిన్లనూ వెతకండి. అవి జంట అతుకుకు ఎంత దగ్గరగా ఉన్నాయో కొలవండి. తర్వాత, ఎలుక టీఎల్‌ఆర్4లో ఆ స్థానాల్లో హిస్టిడిన్లు పెడితే ఏమవుతుందో ఒక్క వాక్యంలో అంచనా రాయండి. దాని కింద ఏ కణాలు, ఏ రిపోర్టర్, నికెల్ ఉప్పుతో పాటు ఎల్‌పీఎస్ కలిసి రాలేదని ఎలా తేలుస్తారు అన్నది రాయండి. మీ గైడ్‌కు ముందుగా చూపించాల్సిన కాగితం అదే.